చిన్న తరగతుల టీచర్ కావాలంటే ఏ కోర్సులో చేరాలి?

ఇంటర్ ఫలితాలు వచ్చాక ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగానికి సగం ఒకటే అడుగుతాయి. టీచర్ అవ్వాలనుంది, డీఎడ్ చేయాలా, డిగ్రీ చేసి బీఈడీ చేయాలా, కొత్తగా వచ్చిన నాలుగేళ్ల కోర్సు ఐటెప్‌లో చేరాలా అని. ఈసారి వాటిలోంచి కొన్ని తీసుకుని కాస్త వివరంగా రాస్తున్నాను. అందరికీ పనికొచ్చే సంగతులు మొదటి జవాబులోనే ఎక్కువ ఉన్నాయి, అది పెద్దదైనా దయచేసి చివరిదాకా చదవండి.

ప్రశ్న: మేడమ్, మాది శ్రీకాకుళం జిల్లా. ఇంటర్ ఎంపీసీ పూర్తయింది. నాకు ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకి చెప్పాలని ఉంది, చిన్నప్పటి నుంచీ అదే కోరిక. ఇంట్లో మాత్రం "డీఎడ్ చేస్తే చిన్న చదువు అయిపోతుంది, డిగ్రీ, బీఈడీ చేస్తే ఏ తరగతికైనా చెప్పొచ్చు" అంటున్నారు. మా లెక్చరర్ ఒకాయన ఐటెప్‌లో చేరమన్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. (ఇంటర్ విద్యార్థిని)

జవాబు: అమ్మాయ్, ముందు మీ ఇంట్లోవాళ్ల మాటతో మొదలుపెడతాను. "బీఈడీ చేస్తే ఏ తరగతికైనా చెప్పొచ్చు" అన్నది ఒకప్పుడు కొంతవరకు నిజం, ఇప్పుడు కాదు. ఇది తెలియక డిగ్రీ మూడేళ్లు, బీఈడీ రెండేళ్లు, మొత్తం ఐదేళ్లు పెట్టి, తీరా డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) నోటిఫికేషన్ వచ్చాక ఎస్‌జీటీ, అంటే ఒకటి నుంచి ఐదు తరగతుల టీచర్ పోస్టుకి అర్హత లేదని తెలుసుకుని ఏడ్చినవాళ్లు నాకు తెలుసు.

జరిగింది ఇదీ. విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. టీచర్‌కి కనీస అర్హత ఏమిటో చెప్పే బాధ్యత ఆ చట్టం కింద ఎన్‌సీటీఈకి, అంటే జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలికి అప్పగించారు. అదే ఏడాది ఆగస్టులో వాళ్లు ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకి ఇంటర్‌తో పాటు రెండేళ్ల డీఈఎల్‌ఈడీ (మనం డీఎడ్ అంటున్నది ఇదే, పెద్దవాళ్లు ఇంకా టీటీసీ అంటుంటారు) లేదా నాలుగేళ్ల బీఈఎల్‌ఈడీ ఉండాలి, దాంతోపాటు టెట్ (టీచర్ అర్హత పరీక్ష) పాస్ కావాలి. తర్వాత 2018 జూన్‌లో ఎన్‌సీటీఈ బీఈడీ వాళ్లకీ తలుపు తెరిచింది, ఉద్యోగంలో చేరిన రెండేళ్లలోపు ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలంది. దాని మీద రాజస్థాన్‌లో కేసు నడిచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ నోటిఫికేషన్ చెల్లదని తేల్చేసింది. చిన్న తరగతులకి చెప్పడానికి కావాల్సిన శిక్షణ డీఈఎల్‌ఈడీలో ఉంది, బీఈడీ వేరే స్థాయి కోసం తయారుచేసిన కోర్సు అన్నది ఆ తీర్పు సారాంశం.

నేను ఆ తీర్పుతో ఏకీభవిస్తాను. దీనివల్ల చాలామంది బీఈడీ పిల్లలకి కష్టం కలిగింది, ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఒకటో తరగతి పిల్లాడికి చదవడం నేర్పడం, తొమ్మిదో తరగతిలో భౌతికశాస్త్రం చెప్పడం రెండూ ఒకటే పని కాదు. ఒకటో తరగతి పని తేలికని అనుకుంటాం గనకే "చిన్న చదువు" అనే మాట వస్తోంది.

ఒక ఉదాహరణ చూడు. రెండో తరగతి పిల్ల 52 లోంచి 27 తీసెయ్యమంటే 35 అని రాసింది. తప్పు అని ఎర్ర పెన్నుతో కొట్టేసి 25 అని పక్కన రాయడం ఎవరైనా చేస్తారు. ఆ పిల్ల 35 ఎలా తెచ్చిందో చూడగలగడం శిక్షణ. 2 లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7 లోంచి 2 తీసింది, 5 వచ్చింది, తర్వాత 5 లోంచి 2 తీస్తే 3. అంటే పిల్లకి తీసివేత వచ్చు, రానిది స్థానవిలువ. ఆ 52 లో ఐదు పదులున్నాయని, ఒక పదిని విప్పితే పది ఒకట్లు అవుతాయని తనకింకా తెలియదు. అలాంటి పిల్ల చేత ఇంకో ఇరవై తీసివేతలు చేయిస్తే ఇరవై తప్పులూ అదే రకంగా చేస్తుంది. పుల్లల కట్టలు చేతికిచ్చి ఒక కట్ట తనచేతే విప్పిస్తే ఆ రోజే తేలిపోవచ్చు. చదవడంలోనూ అంతే, "కత్తి"ని "కతి" అని చదివే పిల్లాడికి అక్షరాలు వచ్చు, ఒత్తు దగ్గర ఆగి పలకడం రాదు, వాడికి వర్ణమాల మళ్లీ మొదటి నుంచి దిద్దించడం దండగ. ఇవి కనిపెట్టడం నేర్పే కోర్సు నీకు కావాలి. ఏ కోర్సు పేరు పెద్దదన్నది తర్వాతి సంగతి.

ఇక ఐటెప్ విషయం. ఇది నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు, బీఏ బీఈడీ, బీఎస్సీ బీఈడీ, బీకాం బీఈడీ అని మూడు రకాలు. 2020 జాతీయ విద్యా విధానం 2030 నాటికి టీచర్‌కి కనీస అర్హత నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఈడీ కావాలంది, ఆ ఆలోచన నుంచి పుట్టిన కోర్సు ఇది. 2023-24 లో ప్రయోగాత్మకంగా మొదలైంది, ప్రవేశాలకి ఎన్‌టీఏ (జాతీయ పరీక్షల సంస్థ) పెట్టే ఎన్‌సెట్ పరీక్ష ఉంది, తెలుగులోనూ రాయొచ్చు. మంచి కోర్సే. డిగ్రీ, శిక్షణ రెండూ నాలుగేళ్లలో అయిపోతాయి, ఒక ఏడాది కలిసొస్తుంది.

కానీ చేరేముందు ఒక్క విషయం చూసుకోకపోతే మళ్లీ ఇంట్లోవాళ్లు చెప్పిన దారిలోనే పడతావు. విద్యా విధానం బడిని నాలుగు దశలుగా విడగొట్టింది. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు పునాది దశ, అందులో ఒకటి, రెండు తరగతులు వస్తాయి. మూడు నుంచి ఐదు తరగతులు సన్నాహక దశ, ఆరు నుంచి ఎనిమిది మాధ్యమిక దశ, తొమ్మిది నుంచి పన్నెండు సెకండరీ. ఐటెప్ ఈ నాలుగు దశలకీ విడివిడిగా ఉంటుంది. నువ్వు చేరే సంస్థకి ఏ దశకి అనుమతి ఉందో అదే నీ శిక్షణ. సెకండరీ దశ ఐటెప్‌లో చేరి ఒకటో తరగతి టీచర్ అవుదామనుకుంటే బీఈడీ వాళ్లకి వచ్చిన ఇబ్బందే నీకూ వస్తుంది. పైగా మొదటి బ్యాచ్ 2027లో గానీ బయటికి రాదు, కాబట్టి మన రాష్ట్రాల డీఎస్సీ నోటిఫికేషన్లలో వాళ్లని ఎలా తీసుకుంటారన్నది ఇంకా ఎవరూ ఆచరణలో చూడలేదు. పెద్ద సంస్థ పేరు చూసి మురిసిపోకుండా బ్రోచర్‌లో దశ పేరు ఉన్న వాక్యం వెతుకు. కనపడకపోతే ఫోన్ చేసి అడుగు, ఈమెయిల్‌లో జవాబు ఇమ్మను.

బీఈఎల్‌ఈడీ గురించి కూడా రెండు మాటలు. 1994లో ఢిల్లీ విశ్వవిద్యాలయం మొదలుపెట్టిన నాలుగేళ్ల డిగ్రీ అది, పూర్తిగా ప్రాథమిక విద్య కోసమే రూపొందించారు. నాటకం, చేతిపనులు, పిల్లల్ని దగ్గరుండి గమనించి రాయడం, చివరి ఏడాదిలో బడిలో నెలల తరబడి ఇంటర్న్‌షిప్, అన్నీ అందులో ఉండేవి. ఇంతకంటే మంచి ప్రాథమిక ఉపాధ్యాయ కోర్సు మన దేశంలో రాలేదని నా అభిప్రాయం. మన దగ్గర అది వేళ్లూనుకోలేదు. ఇప్పుడు విధానం మొత్తం ఐటెప్ వైపు నడుస్తోంది కాబట్టి నీ లెక్కలో దాన్ని పెట్టుకోవద్దు.

నీ విషయంలో నేను చెప్పేది సూటిగా ఇదీ: ఒకటి నుంచి ఐదు తరగతులకే చెప్పాలని నీకు గట్టిగా ఉంటే డీఈఈసెట్ (డీఎడ్ ప్రవేశ పరీక్ష) రాసి మీ జిల్లా డైట్‌లో సీటు కోసం ప్రయత్నించు. ఇంటర్‌లో 50 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకి 45 చాలు. 1986 విద్యా విధానం తర్వాత జిల్లాకొకటి చొప్పున పెట్టిన ప్రభుత్వ టీచర్ శిక్షణ సంస్థలు ఈ డైట్‌లు. చాలాచోట్ల లెక్చరర్ పోస్టులు ఖాళీగా ఉన్నమాట నిజం, భవనాలు పాతబడిన మాటా నిజం. అయినా చుట్టుపక్కల ప్రభుత్వ బడులతో వాటికి ఉన్న సంబంధం ప్రైవేటు కాలేజీలకి దొరకడం కష్టం. రెండేళ్లు పూర్తయ్యాక డిగ్రీ చేసుకో, దూరవిద్యలోనైనా సరే. తర్వాత బీఈడీ కూడా చేస్తే స్కూల్ అసిస్టెంట్ (పెద్ద తరగతుల సబ్జెక్టు టీచర్) ప్రమోషన్‌కి దారి ఉంటుంది. ఇంట్లోవాళ్లు కోరుకుంటున్న పెద్ద చదువు ఎటూ పోదు, వరస మాత్రం మారుతుంది. ఒకవేళ పునాది దశ లేదా సన్నాహక దశ ఐటెప్‌లో నీకు సీటు వస్తే, నాలుగేళ్లు చదివించే స్తోమత ఇంట్లో ఉంటే, అప్పుడు నిరభ్యంతరంగా అటు వెళ్లు.

పోస్టుల సంగతీ అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. తెలంగాణ 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే అందులో 6,508 ఎస్‌జీటీవి. ఆంధ్రప్రదేశ్ 2025 మెగా డీఎస్సీలో మొత్తం పోస్టులు 16,347. నోటిఫికేషన్లు ప్రతి ఏడాదీ రావు, ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి రావొచ్చు, ఈ మాట ముందే తెలిసి ఉండటం మంచిది. టెట్ మాత్రం ఒకసారి పాసైతే జీవితకాలం చెల్లుతుంది, డీఎస్సీలో దానికి 20 శాతం వెయిటేజీ ఉంటుంది. ఎక్కువ మార్కులకోసం మళ్లీ రాసుకోవచ్చు కూడా.

కాలేజీ ఎంచుకునేటప్పుడు నేనైతే ఏం చూస్తానో చెప్తాను. మొట్టమొదట ఇంటర్న్‌షిప్. ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం రెండేళ్లలో 20 వారాలు బడిలో గడపాలి, ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం, తరగతులకి 80 శాతం హాజరు ఉండాలి. కాగితం మీద అన్ని కాలేజీలూ ఇది పాటిస్తున్నట్టే ఉంటాయి. అందుకే ప్రిన్సిపాల్‌ని అడగొద్దు, రెండో ఏడాది చదువుతున్న సీనియర్‌ని అడుగు. "అక్కా, మిమ్మల్ని ఏ బడికి పంపారు? ఎన్నాళ్లు ఒకే తరగతి మీ చేతిలో ఉంది? మీరు పాఠం చెబుతుంటే వెనక కూర్చుని చూసింది ఎవరు? చూశాక ఏం చెప్పారు?" ఈ నాలుగు ప్రశ్నలకి ఆ అమ్మాయి తడుముకోకుండా వివరాలు చెప్పగలిగితే ఆ కాలేజీ మంచిది. "ఆ ఏముంది, రికార్డులు రాస్తే సంతకం పెడతారు" అంటే వెనక్కి వచ్చెయ్.

రెండోది, ఒకే గదిలో రెండు మూడు తరగతులకి చెప్పడం అక్కడ నేర్పిస్తారా అని అడుగు. విద్యా హక్కు చట్టం లెక్క ప్రకారం అరవై మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు. తరగతులేమో ఐదు. అంటే చిన్న ఊరి బడిలో నీకు పోస్టింగ్ వస్తే మొదటి రోజు నుంచే రెండు మూడు తరగతులు కలిపి చూసుకోవాలి. ఒకటో తరగతికి చదవడం నేర్పుతుంటే మూడో తరగతి ఖాళీగా ఉండకూడదు. ఒకే కథ ఒకటో తరగతి బొమ్మలు చూసి చెప్పాలి, మూడో తరగతి చదవాలి, ఐదో తరగతి దాని ముగింపు మార్చి రాయాలి, ఇలాంటి పాఠ్యపథకం వేసుకోవడం ఎవరైనా పక్కనుండి నేర్పితేనే వస్తుంది. ఒక్కొక్క తరగతికి నలభై నిమిషాల పీరియడ్ అన్న లెక్కతో మాత్రమే పాఠ్యపథకాలు రాయించే కాలేజీ నిన్ను లేని బడికి తయారుచేస్తున్నట్టు.

మూడోది, లెక్చరర్లలో కనీసం ఒకరిద్దరైనా చిన్న తరగతులకి స్వయంగా చెప్పినవాళ్లు ఉన్నారేమో కనుక్కో. పిల్లల ఎదుగుదల మీద పియాజే చెప్పిన దశలు, వైగాట్‌స్కీ చెప్పినవి ఎవరైనా పుస్తకంలోంచి చదివి చెప్పగలరు, టెట్‌లోనూ పేపర్‌-1లో 150 ప్రశ్నలకి 30 శిశు వికాసం మీదే వస్తాయి కాబట్టి అవి ఎలాగూ చదువుతావు. కానీ ఏడుస్తూ వచ్చిన ఆరేళ్ల పిల్లని బడిలో ఎలా కూర్చోబెట్టాలో చెప్పాలంటే, వాళ్లు ఒకప్పుడు అలాంటి పిల్లని కూర్చోబెట్టి ఉండాలి.

లైబ్రరీకి కూడా ఒకసారి వెళ్లు, పిల్లల కథల పుస్తకాలు ఉన్నాయా, బీరువా తాళం తీసి ఉందా చూడు. హాస్టల్, బస్సు లాంటివి మీ ఇంట్లోవాళ్లు ఎలాగూ చూస్తారు.

ప్రశ్న: నమస్తే మేడమ్. నా వయసు 31. బీఎస్సీ, బీఈడీ చేశాను. ఐదేళ్లుగా ఒక ప్రైవేటు స్కూల్లో రెండో తరగతికి చెబుతున్నాను. ఇప్పుడు ఎస్‌జీటీకి అర్హత లేదంటున్నారు. బ్రిడ్జి కోర్సు చేస్తే సరిపోతుందని మా కొలీగ్ అంటోంది. నిజమేనా? (కరీంనగర్)

జవాబు: కాదమ్మా. ఆ బ్రిడ్జి కోర్సు మీలాంటి కొత్త అభ్యర్థుల కోసం కాదు. 2023 ఆగస్టు 11 తీర్పుకి ముందే బీఈడీ అర్హతతో రెగ్యులర్ నియామకం పొంది ప్రాథమిక తరగతుల్లో పనిచేస్తున్నవాళ్ల ఉద్యోగాలు పోకుండా సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో స్పష్టత ఇచ్చింది. వాళ్ల కోసమే ఆ ఆరు నెలల కోర్సు. దాన్ని చూపించి "చేరండి, ఎస్‌జీటీ వస్తుంది" అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

మీకు రెండు దారులున్నాయి. ఒకటి, టెట్ పేపర్‌-2 రాసి స్కూల్ అసిస్టెంట్‌కి ప్రయత్నించడం. బీఎస్సీ ఉంది కాబట్టి మీ సబ్జెక్టు ప్రకారం గణితమో, సైన్సో. రెండోది డీఈఈసెట్ రాసి ఇప్పుడు డీఈఎల్‌ఈడీ చేయడం. దానికి కనీస వయసు 17 ఉంది గానీ గరిష్ఠ పరిమితి లేదు. తెలంగాణ 2024 డీఎస్సీలో గరిష్ఠ వయసు 46 ఉండింది కాబట్టి మీకు టైమ్ ఉంది.

ఏది మంచిదంటే, మీరు ఐదేళ్లుగా రెండో తరగతికి చెబుతున్నారు. ఆ పిల్లల మధ్య మీకు సంతోషంగా ఉంటే రెండేళ్లు పెట్టడం వృథా కాదని నేను గట్టిగా నమ్ముతాను. బీఈడీలో మీకెవరూ చదవడం ఎలా నేర్పాలో చెప్పి ఉండరు, మీరు పిల్లల దగ్గరే నేర్చుకుని ఉంటారు. ఆ అనుభవంతో డీఎడ్ తరగతిలో కూర్చుంటే ప్రతి పాఠం మీకు తెలిసిన ఒక పిల్ల ముఖాన్ని గుర్తుచేస్తుంది. కానీ ఆ రెండేళ్లు జీతం ఉండదు, ఇంట్లో పరిస్థితి నాకు తెలియదు. అది కుదరకపోతే స్కూల్ అసిస్టెంట్ దారి పట్టండి, అందులో చిన్నతనమేమీ లేదు.

ఇంకో మాట. ఈ అర్హతలు ప్రభుత్వ బడులకే అనుకోవద్దు, చట్టం ప్రైవేటు బడులకీ అదే కనీస అర్హత చెబుతోంది. చాలా యాజమాన్యాలు పట్టించుకోవు, అది వేరే విషయం. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇప్పటికే పనిచేస్తున్న టీచర్లు కూడా, రిటైర్మెంట్‌కి ఐదేళ్లకి పైగా ఉంటే, రెండేళ్లలో టెట్ పాస్ కావాలంది, మైనారిటీ సంస్థలని మాత్రం ప్రస్తుతానికి పక్కన పెట్టింది. కాబట్టి ఏ దారి ఎంచుకున్నా టెట్ వాయిదా వేయకండి.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అమ్మాయిని డీఎడ్‌లో చేర్పించాలనుకుంటున్నాం. ఒక కాలేజీ తరఫున ఒకాయన ఇంటికొచ్చి "అమ్మాయి రోజూ రానవసరం లేదు, పరీక్షలకి వస్తే చాలు, హాజరు మేం చూసుకుంటాం, ఈలోగా డిగ్రీ కూడా చదువుకోవచ్చు" అన్నాడు. మాకు ఊరు దూరం, ఇది బాగానే ఉందనిపిస్తోంది. మీరేమంటారు? (ఒక తండ్రి, ప్రకాశం జిల్లా)

జవాబు: అయ్యా, వద్దు. ఇంత ముక్కుసూటిగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి.

మీ అమ్మాయికి ఆ కాలేజీ ఇచ్చేది సర్టిఫికెట్ ఒక్కటే. మూడేళ్ల తర్వాత తను ఒక తరగతి గదిలో నిలబడుతుంది, ఎదురుగా పాతికమంది పిల్లలుంటారు, అందులో ఎనిమిదిమందికి అక్షరాలు రావు, ఇద్దరు ఇంట్లో సవరో, కోయో, లంబాడీయో మాట్లాడతారు, వాళ్లకి తెలుగే కొత్త. ఆ రోజు తను ఏం చేయాలో రికార్డులూ, కొని తెచ్చుకున్న చార్టులూ చెప్పవు. ఆ పిల్లలు బడిలో పోగొట్టుకునే ఏడాదిని ఎవరూ తిరిగి ఇవ్వలేరు. మీ అమ్మాయి కూడా రోజూ భయంతో బడికి వెళ్తుంది. శిక్షణ లేకుండా పిల్లల ముందుకెళ్లినవాళ్లు చివరికి బెత్తం పట్టుకుంటారు, లేదంటే ఎక్కాలు అరిపించి కాలం గడుపుతారు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, వేరే ఏం చేయాలో వాళ్లకెవరూ చూపించలేదు.

చట్టం వైపు నుంచి చూసినా నష్టమే. డీఈఎల్‌ఈడీ పూర్తికాలం కోర్సు, హాజరు నిబంధన పైన రాశాను. తనిఖీలో పట్టుబడి కాలేజీ గుర్తింపు పోతే నష్టపోయేది పిల్లలే. చేర్చే ముందు ఎన్‌సీటీఈ దక్షిణ ప్రాంతీయ కమిటీ గుర్తింపు ఇచ్చిన కాలేజీల జాబితాలో ఆ పేరు ఉందో లేదో, ఎన్ని సీట్లకి అనుమతి ఉందో చూసుకోండి. ఒక యూనిట్ అంటే 50 సీట్లు. కన్వీనర్ కోటాలో కౌన్సెలింగ్ ద్వారానే చేర్పించండి. ఊరు దూరమైతే హాస్టల్ ఉన్న ప్రభుత్వ డైట్‌కి ఆప్షన్ పెట్టుకోండి, మొదటి విడతలో రాకపోయినా రెండో మూడో విడతలో సీటు దొరికే అవకాశం ఉంటుంది.

ప్రశ్న: నేను అబ్బాయిని. చిన్న పిల్లలకి చెప్పడం ఆడవాళ్ల పని అని ఫ్రెండ్స్ వెక్కిరిస్తున్నారు. డీఎడ్‌లో చేరితే తప్పా? (ఖమ్మం)

జవాబు: చేరు నాయనా. ఇంట్లో నాన్న లేని పిల్లలు, ఉన్నా పనికోసం వేరే ఊళ్లో ఉండే నాన్నల పిల్లలు ప్రతి బడిలో ఉంటారు. ఓపిగ్గా పక్కన కూర్చుని కథ చదివి వినిపించే మగ టీచర్ వాళ్లకి ఎంత అవసరమో బడిలో అడుగుపెట్టాక నీకే తెలుస్తుంది. మన ఊళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ తలుచుకునే పంతుళ్లలో ఎక్కువమంది మగవాళ్లే కదా.

ప్రశ్న: మేడమ్, డైట్‌లో మొదటి సంవత్సరం చదువుతున్నాను. రోజంతా రికార్డులు, చార్టులు, టీఎల్‌ఎం (బోధన సామగ్రి) తయారీ. ఇంతవరకు పిల్లలతో మాట్లాడింది చాలా తక్కువ. ఇలాగే అయిపోతుందేమో అని భయంగా ఉంది. తెలుగు మీడియం తీసుకున్నాను, బడులన్నీ ఇంగ్లిష్ మీడియం అయిపోతున్నాయి, అదో దిగులు. (ఛాత్రోపాధ్యాయురాలు, కర్నూలు)

జవాబు: తల్లీ, రికార్డు రాయడం తప్పదు, రాయి. దాంతో ఆగిపోవద్దు. సాయంత్రాలు నీ హాస్టల్ దగ్గరో, మీ వీధిలోనో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కూర్చోబెట్టుకో. ట్యూషన్ చెప్పమనడం లేదు. ఒక కథ చదివించు, ఎక్కడ ఆగుతున్నారో రాసుకో. వారం తర్వాత అదే పిల్లలతో ఇంకో కథ. ఎవరు ఒత్తుల దగ్గర ఆగుతున్నారు, ఎవరు గుణింతాల దగ్గర, ఎవరు గడగడా చదివి అర్థం అడిగితే తెల్లమొహం వేస్తున్నారు, ఇది నెల రోజులు రాసుకుంటే నీ దగ్గర ఉండే నోట్‌బుక్ ఏ రికార్డు కన్నా విలువైనది. దాన్ని తీసుకెళ్లి మీ తెలుగు లెక్చరర్‌కి చూపించి "ఈ పిల్లాడికి ఏం చేయమంటారు" అని అడుగు. అడిగే విద్యార్థి కోసం ఎదురుచూసే లెక్చరర్లు మన డైట్‌లలో నిజంగా ఉన్నారు.

ఇంటర్న్‌షిప్‌కి బడి ఎంచుకునే వీలుంటే పేరున్న పెద్ద బడి కాకుండా ఇద్దరు టీచర్లున్న చిన్న బడి అడుగు. అక్కడ నీకు రోజంతా తరగతి దొరుకుతుంది. నీ మెంటార్ టీచర్ పాఠం చెప్పేటప్పుడు ఆమె నోటివైపు కాకుండా వెనక బెంచీ పిల్లలవైపు చూడు, ఎవరు వింటున్నారో, ఎవరు పక్కవాడి పలకలోంచి చూసి రాస్తున్నారో.

మీడియం గురించి దిగులు వద్దు. రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్‌గా వస్తున్నాయి. పిల్లలకి మాత్రం ఇంట్లో ఇంగ్లిష్ లేదు, వాళ్ల ఆలోచన తెలుగులోనే, లేదా వాళ్ల ఇంటి భాషలోనే సాగుతుంది. ముందు వాళ్ల భాషలో విషయం అర్థం చేయించి అక్కడి నుంచి ఇంగ్లిష్ మాటకి తీసుకెళ్లగల టీచర్ కావాలి. నీకు తెలుగు బాగా వచ్చు కాబట్టి సగం పని అయినట్టే, రెండో సగం కోసం నీ ఇంగ్లిష్‌ని ఈ రెండేళ్లలో మెరుగుపరచుకో. మూడో తరగతి ఇంగ్లిష్ పుస్తకం తీసుకుని రోజూ ఒక పేజీ గట్టిగా చదువు, అందులోని సూచనలు పిల్లలకి ఇంగ్లిష్‌లో ఎలా చెబుతావో పలికి చూసుకో. కూర్చోండి, పుస్తకం తెరవండి, ఇంకోసారి చెప్పు, నీకేమనిపించింది, ఇలాంటి చిన్న చిన్న వాక్యాలు తడుముకోకుండా వస్తే చాలు, తరగతి నడుస్తుంది. మిగతాది బడిలో చేరాక పిల్లలతో పాటు వస్తుంది.